బర్మామైన్స్ అను పేరు: భాషానమూనాల కల్పనలను గుర్తించు పద్ధతుల పరిశీలనము

1. విషయ నిర్దేశము

జంషెడ్‌పూర్ నగరమున టాటానగర్ రైల్వే స్టేషనునకు సమీపమున బర్మామైన్స్ అను పేట కలదు. ఈ పేరు వినినంతనే రెండు ప్రశ్నలు పుట్టును. ఇచ్చట గని యుండెనా? బర్మా దేశమునకును ఈ పేటకును సంబంధమేమి? తెలుగువారి వలసల చరిత్ర నెరిగినవారికి మూడవ ప్రశ్నయు తోచును. కోరంగి రేవున ఓడలెక్కి రంగూనునకు పోయిన తెలుగువారికిని, ఇనుము ఉక్కు పనులకై జంషెడ్‌పూర్‌నకు వచ్చిన తెలుగువారికిని ఈ పేరు మూలమున ఏదైన చుట్టరికము కలదా?

ఇట్టి ప్రశ్నలను నేడు గ్రంథాలయమున వెదకుటకు మారుగా, లార్జ్ లాంగ్వేజ్ మోడల్ అనబడు భాషానమూనాల నడుగుట వాడుకయైనది. అవి తడవుకొనక సమాధానమిచ్చును. వాక్యములు సలక్షణముగా నుండును. ఆ సమాధానమున నేది ఆధారము గలది, ఏది కల్పితము అని తేల్చుటకు 2020 తరువాత అనేక పద్ధతులు ప్రతిపాదింపబడినవి. తక్కువ వ్రాత గల స్థలముల విషయమున, తెలుగు వంటి భాషలో, ఆ పద్ధతులు ఎంతవరకు పనికివచ్చును, ఎచ్చట తప్పిపోవును అను విషయము ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది. బర్మామైన్స్ ఇందులకు ఉదాహరణముగా గ్రహింపబడినది.

2. సంజ్ఞా విచారము

భాషానమూనా ఆధారము లేని మాటను ఆధారమున్నదానివలె చెప్పుటను ఆంగ్ల పరిశోధకులు హాలూసినేషన్ అందురు. దీనిని తెలుగున భ్రాంతి అని అనువదించుట కలదు. కాని మన శాస్త్రములలో భ్రమ యనగా ఇంద్రియ సంబంధమున పుట్టిన దోషజ్ఞానము. త్రాటిని చూచి పామనుకొనువానికి ఎదుట త్రాడైన నుండవలెను. భాషానమూనాకు ఎదుట నేదియు లేదు. ఇంతకుముందు వచ్చిన పదఖండములను బట్టి తరువాత ఏ పదఖండము వచ్చుట సంభావ్యమో లెక్కించి కూర్చుటయే దాని పని. నిజము చెప్పునప్పుడును అబద్ధము చెప్పునప్పుడును అది చేయు పని యొక్కటే. కావున నిరాధార కల్పన యనుటయే మేలు. ఈ వ్యాసమున కల్పన యను మాట ఈ యర్థముననే వాడబడినది.

కల్పనలు రెండు విధములని పరిశోధకులు విభజించిరి. చేతికిచ్చిన మూలమునకు విరుద్ధముగా చెప్పుట యొకటి. మూలమున లేనిదియు, దానివలన తేల్చుటకు వీలుకానిదియు చేర్చుట రెండవది. మొదటిదానిని మూలముతో పోల్చి పట్టుకొనవచ్చును. మూలమే యెదుట లేని చోట రెండవదానిని పట్టుకొనుట కష్టము. బర్మామైన్స్‌ను గూర్చిన ప్రశ్నలు ఈ రెండవ కోవకు చెందును.

3. కల్పన పుట్టుటకు కారణములు

గణితశాస్త్రజ్ఞుడు ఐ. జె. గుడ్ 1953లో ప్రకటించిన యొక అంచనా ఇచ్చట స్మరింపదగినది. దానికి మూలమైన భావము ఆలన్ ట్యూరింగ్‌ది. ఒక సంగ్రహమున ఒక్కమారు మాత్రమే కనబడిన వస్తువులు ఎంత భాగమో, ఇంకను కనబడని వస్తువు ఎదురగుటకు గల సంభావ్యత సుమారు అంతయే యని దాని సారాంశము. ఆడమ్ కలై, సంతోష్ వెంపల అను పరిశోధకులు 2023లో దీనిని భాషానమూనాలకు అన్వయించిరి. శిక్షణ పాఠములలో ఒక్కమారు మాత్రమే కనబడిన యదృచ్ఛా విషయములు ఎంత ఎక్కువయో, సంభావ్యతలను సరిగా నేర్చిన నమూనాయు అంతకు తగినట్లు కల్పన చేయక తప్పదని వారు చూపిరి. హైదరాబాదును గూర్చి వేలమారులు వ్రాయబడినది. ఒక పారిశ్రామిక నగరమునందలి పేటను గూర్చి, అచ్చటి తెలుగు కుటుంబములను గూర్చి, వ్రాత స్వల్పము. కావున కల్పన యచ్చటనే దట్టముగా మొలచును.

2025లో వారే మరి యిరువురితో కలిసి వేరొక కారణమును ఎత్తి చూపిరి. భాషానమూనాలకు పెట్టు పరీక్షలలో అధికభాగము సరియైన సమాధానమునకు మార్కు నిచ్చును, తెలియదనిన సున్న వేయును. తప్పునకును సున్నయే. అట్టి పరీక్షలో ఊహించి వ్రాసినవానికి లాభమే గాని నష్టము లేదు. తెలియనిచోట ఊరకుండుటను నేర్పక, ఊహించుటను నేర్పి, పిదప ఊహించినదని నిందించుట తగదు.

4. ఒక నమూనా సమాధానము

పరిశీలన కొరకు ఇచ్చట నొక సమాధానము కూర్చబడినది. ఇది ఏ యంత్రము నుండియు గ్రహించినది కాదు. అట్టి సమాధానముల తీరును చూపుటకు మాత్రమే యిది.

“బర్మామైన్స్‌లో పూర్వము ఇనుప గని యుండెను. 1942లో బర్మా నుండి మరలివచ్చిన తెలుగు కార్మికులు ఆ గనిలో చేరిరి. అందుచేత ఆ పేటకు ఆ పేరు వచ్చెను. ఇది బీహారు రాష్ట్రమున సింగ్‌భూమ్ జిల్లాలో నున్నది.”

చదువుటకు ఇందు లోపము కనబడదు. కారణము, కాలము, మనుష్యులు అన్నియు నమరినవి. ఒక్కొక్క ప్రతిపాదనను విడదీసినపుడు గాని దోషము తెలియదు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారమునకు తొలినాళ్ళలో ఇనుప ఖనిజము మయూర్‌భంజ్ సంస్థానమునందలి గోరుమహిసాని గనుల నుండి వచ్చెను. పేటలో గని యనుట పేరునందలి మైన్స్ అను మాటను చూచి అల్లినది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినపుడు భారతీయులు లక్షలుగా స్వదేశమునకు మరలిరనుట సత్యము. వారిలో తెలుగువారును కలరు. కాని వారు రాగా ఈ పేటకు పేరు వచ్చెననుట వేరొక ప్రతిపాదన. మొదటిదాని సత్యము రెండవదానికి ఆధారము కాజాలదు.

బర్మా ఉత్తర షాన్ ప్రాంతమున బాడ్విన్ గనులు కలవు. సీసము, వెండి, జింకు అచ్చటి ఖనిజములు. వానిని నడపినది బర్మా కార్పొరేషన్ అను సంస్థ. మొదటి ప్రపంచయుద్ధానంతర కాలమున ఆ జింకు ఖనిజమును జంషెడ్‌పూర్‌కు తెచ్చి కరగించు ప్రతిపాదన యొకటి నడచెను. పేటకు పేరు ఈ సంస్థ వలన కలిగెననుట, వలసవారి కథకంటె యుక్తమైన ఊహ. దానికిని ఊహ యనియే పేరు. ఆనాటి స్థలపటములు, భూమి పత్రములు దానిని సిద్ధాంతముగా మార్చగల సాక్షులు.

చివరి వాక్యమున దోషము కాలమునకు సంబంధించినది. ఒకప్పుడది సరియే. కాని 1990లో సింగ్‌భూమ్ జిల్లా విడిపోయి తూర్పు సింగ్‌భూమ్ ఏర్పడెను. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ రాష్ట్రము అవతరించెను. పాత గ్రంథముల నుండి నేర్చిన నమూనా పాత సత్యమును నేటి సత్యముగా చెప్పును. నాలుగు వాక్యములలో ఇట్లు నాలుగు తెఱగుల దోషములు కలవు: పేరును బట్టి యల్లిన వస్తువు, సత్యమైన సంఘటనను అస్థానమున నిలుపుట, ఆధారము లేని కార్యకారణ సంబంధము, కాలము చెల్లిన మాట.

5. గుర్తించు పద్ధతులు

మొదటి పద్ధతి: నమూనా తాను కూర్చిన పదములకు ఇచ్చిన సంభావ్యతలను పరిశీలించుట. సంభావ్యత తక్కువయైన చోట అనుమానింపవలెనని సూత్రము. కాని ఒకే భావమును అనేక రీతుల చెప్పవచ్చును. పదక్రమము స్వేచ్ఛగా మారు తెలుగువంటి భాషలో ఆ రీతులు మరియు నెక్కువ. భావము నిశ్చితమైనను మాటలు చీలుటచే సంభావ్యత చీలిపోవును. మాట యందలి సందిగ్ధతను భావము నందలి సందిగ్ధతగా పొరబడుట ఇందలి దోషము.

రెండవ పద్ధతి ఈ దోషమును సవరించుటకు పుట్టినది. ఒకే ప్రశ్నను పలుమారు లడిగి, వచ్చిన సమాధానములను పోల్చుట దీని సారము. 2023లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు సెల్ఫ్‌చెక్ జీపీటీ అను పేర ఇట్టి పద్ధతి నొకదానిని ప్రకటించిరి. 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నేచర్ పత్రికలో సెమాంటిక్ ఎంట్రపీ, అనగా అర్థ వైవిధ్యపు కొలత, అను దానిని వివరించిరి. రెండు సమాధానములలో మొదటిదాని వలన రెండవదియు, రెండవదాని వలన మొదటిదియు సిద్ధించినచో అవి ఒకే గుంపునకు చేరును. గుంపుల వైవిధ్యమును పిదప లెక్కింతురు. పది సమాధానములును ఒకే గుంపున పడినచో కొలత సున్న. ఎనిమిది ఒకవైపు, రెండు వేరొకవైపు పడినచో 2 ఆధారముగా గల లాగరిథమున కొలత 0.72. రెండేసి చొప్పున అయిదు గుంపులైనచో 2.32. కొలత పెరిగిన కొలది కల్పన యను అనుమానము బలపడును.

మూడవ పద్ధతి సమాధానమును చిన్న చిన్న ప్రతిపాదనలుగా విడదీసి, ఒక్కొక్కదానిని బాహ్యమైన ఆధారముతో పోల్చుట. 2023లో ప్రకటితమైన ఫ్యాక్ట్‌స్కోర్ ఈ తెగలోనిది. వ్యక్తుల జీవిత సంగ్రహములను వికీపీడియాతో పోల్చి, ఎన్ని ప్రతిపాదనలకు ఆధారము కలదో అది లెక్కించును. పై విభాగమున నమూనా సమాధానమును విడదీసినది ఈ మార్గముననే.

నమూనా లోపలి అంకెల స్థితిని పరిశీలించి, సత్యాసత్యములకు అచ్చట భేదము కనబడునేమో చూచు ప్రయత్నములును కలవు. నమూనా లోపలి భాగము అందుబాటున నున్నపుడే ఇది సాధ్యము.

6. ప్రతుల పోలిక, సాక్ష్యము

రెండవ పద్ధతి తెలుగు పండితులకు క్రొత్త కాదు. సి. పి. బ్రౌన్ వేమన పద్యములకు అనేక తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచే పోల్చి చూపించెను. ప్రతులు పరస్పరము భేదించిన చోట పాఠము సందిగ్ధమని గుర్తింపబడును. పలుమారు లడిగి పోల్చుటయు నిట్టిదే.

కాని పాఠపరిష్కరణ శాస్త్రమున రెండవ సూత్రము కలదు. ఒకే మాతృక నుండి పుట్టిన పది ప్రతులు ఒకే పాఠమును చూపినచో, అవి పది సాక్ష్యములు కావు. ఒకే సాక్ష్యము. మాతృకలో తప్పున్నచో పది ప్రతులును ఆ తప్పును విశ్వాసముతో మోయును. ఒకే భాషానమూనా పదిమారు లిచ్చిన సమాధానములు ఒకే మాతృక ప్రతులు. అవి భేదించినచో కల్పనను అనుమానింపవచ్చును. ఏకీభవించినచో సత్యమని నిశ్చయింప రాదు. సెమాంటిక్ ఎంట్రపీని ప్రతిపాదించినవారును తమ పద్ధతి నిలకడలేని కల్పనలకే గాని, శిక్షణలోనే నాటుకొన్న స్థిరమైన తప్పులకు కాదని స్పష్టపరచిరి.

2023లో న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానమున మాటా వర్సెస్ ఏవియాంకా అను వ్యాజ్యము ఈ సూత్రమునకు లోకప్రసిద్ధమైన ఉదాహరణము. న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను ఉదాహరించి పత్రము దాఖలు చేసిరి. ఆ తీర్పు నిజమైనదేనా యని ఆ యంత్రమునే మరల అడుగగా, నిజమే యని అది చెప్పెను. న్యాయస్థానము 5,000 డాలర్ల జరిమానా విధించెను. సాక్షి మాటకు ఆ సాక్షియే సాక్షి కాజాలడు. తీర్పుల సంపుటమును తెరచినచో ఒక్క గడియలో తేలియుండెడిది.

వేర్వేరు సంస్థల నమూనాలను పోల్చినను ఈ చిక్కు పూర్తిగా తీరదు. అన్నియు చాలవరకు అంతర్జాల పాఠములనుండియే శిక్షణ పొందినవి. ఒక కల్పన నొకడు అచ్చు వేసినచో, తరువాతి నమూనాలు దానిని చదువును. పిదప ఆ కల్పనయే ఆధారముగా కనబడును. బర్మామైన్స్‌నందలి గనికి ఈ విధమున పది ఆధారములు పుట్టవచ్చును. గని మాత్రము పుట్టదు.

7. తెలుగు భాషాలక్షణములు

అర్థమును బట్టి గుంపులు చేయుటకు ఒక వాక్యము మరొకదానిని సిద్ధింపజేయునా లేదా యని యంత్రమే నిర్ణయింపవలెను. తెలుగున ఈ నిర్ణయమునకు మూడు చోట్ల ప్రత్యేకమైన జాగ్రత్త కావలెను.

ఒకటి, నిషేధము. ఆంగ్లమున నిషేధమునకు వేరు పదము కలదు. తెలుగున అది తరచుగా క్రియలోనే కలిసిపోవును. “చేరిన కార్మికులు”, “చేరని కార్మికులు” అను వానికి భేదము గుడి యుండు చోటు మాత్రమే. మాటల పోలికను లెక్కించు పద్ధతికి ఈ రెండును దాదాపు సమానము. అర్థమున అవి పరస్పర విరుద్ధములు.

రెండు, భాషారీతుల భేదము. “వచ్చిరి”, “వచ్చారు”, “వచ్చినారు”, “వచ్చిండ్రు” అనునవి ఒకే భావమును తెలుపును. గ్రాంథిక, వ్యావహారిక, మాండలిక రూపముల నెరుగని పరీక్షకు ఇవి వేర్వేరు సమాధానములుగా తోచి, లేని సందిగ్ధత కనబడవచ్చును. జంషెడ్‌పూర్ తెలుగు పలుకుబడిలో హిందీ మాటలు కలియుట సహజము. అట్టి వాక్యములలో ఈ పొరబాటు మరింత పెరుగును.

మూడు, “అట” అను ప్రత్యయము. ఇదియే అన్నిటికంటె ముఖ్యమైనది. “అక్కడ బర్మా కంపెనీ వాళ్ళ స్థలం ఉండేదట” అని ఒక వృద్ధుడు చెప్పెననుకొందము. ఆ చివరి మాటచే ఆయన తన బాధ్యతకు హద్దు గీసినాడు: ఇది తాను వినినది, చూచినది కాదు. సంగ్రహించు నమూనా దానిని “అక్కడ బర్మా కంపెనీ స్థలం ఉండేది” అని మార్చినచో, ఒక్క వస్తువును చేర్చకయే కల్పన చేసినట్లగును. వినికిడి చూపుగా మారినది. మన దర్శనకారులు ప్రత్యక్షమును, అనుమానమును, శబ్దమును వేరు ప్రమాణములుగా ఎంచిరి. శబ్దము ప్రమాణమగుటకు వక్త ఆప్తుడు కావలెననిరి. తెలుగు వ్యాకరణము ఈ విభాగములో కొంతభాగమును క్రియాంతమున భద్రపరచినది. పేర్లను, తేదీలను మాత్రమే పోల్చు ఆంగ్ల పరీక్షలు ఈ లోపమును చూడవు. తెలుగు సమాధానములను పరీక్షించునపుడు మూలమునందలి “అట”, “అందురు”, “కాబోలు” వంటి మాటలు నిలిచినవా లేదా యని వేరుగా లెక్కించుట అవసరము.

8. రెండు అపకారములు

కల్పనను గుర్తింపకపోవుట మొదటి అపకారము. దీనిని అందరును ఎరుగుదురు. రెండవది అంతగా గుర్తింపబడలేదు. అరుదైన సత్యము విషయమునను నమూనాకు నిశ్చయము తక్కువగనే యుండును. సమాధానములు చెదరును, కొలత పెరుగును. బాహ్యమైన ఆధారము వెదకినను వికీపీడియాలో లభింపదు. అప్పుడు పరీక్ష దానిని కల్పనయని కొట్టివేయును. పెద్ద నగరముల సత్యములు నిలుచును, చిన్న పేటల సత్యములు కల్పనలతో పాటు తుడిచిపెట్టబడును. స్వరాష్ట్రమునకు దూరముగా నున్న తెలుగువారి చరిత్రలో అధికభాగము ఇట్టి అరుదైన సత్యములే.

కావున పరీక్షాఫలమును సత్యము, అసత్యము అని రెండుగా చీల్చరాదు. మూడు తీర్పులు కావలెను. ఆధారముచే నిలిచినది సమర్థితము. ఆధారముచే ఖండింపబడినది బాధితము. రెండును కానిది అనిర్ణీతము. నమూనా సమాధానమున జిల్లా, రాష్ట్రముల మాట బాధితము. 1942 నాటి వలస సమర్థితము. బర్మా కార్పొరేషన్ వలన పేరు వచ్చెనను ఊహ, దానికి తగిన పత్రము చూపబడువరకు అనిర్ణీతము. అనిర్ణీతమును కొట్టివేయక, సత్యమని ప్రకటింపక, ఆ పేరుతోనే నిలుపుట విజ్ఞానమునకు హితము.

9. చేయదగిన పని

ఈ పరిశీలనము వలన తేలునది: కల్పనను గుర్తించు గణితము ఎంత సూక్ష్మమైనను, ఏకీభావమును సాక్ష్యముగా మార్చజాలదు. సాక్ష్యము బయటినుండి రావలెను. దానిని సమకూర్చుట భాషాశాఖల పని.

మొదట, ఆధార సంగ్రహము. సంఘముల నిర్ణయ పుస్తకములు, దేవాలయముల శిలాఫలకములు, పాఠశాల రిజిస్టర్లు, శుభలేఖలు, ఆహ్వాన పత్రములు మొదలైనవాని ప్రతిబింబములను తేదీతో, స్థలముతో, దొరికిన చోటుతో భద్రపరచవలెను. వృద్ధుల వాఙ్మూలములను వారి పలుకుబడిలోనే, “అట”ను విడువక వ్రాసికొనవలెను. వారి యనుమతిని, వ్యక్తిగత వివరముల గోప్యతను పాటింపవలెను.

తరువాత, ప్రశ్నావళి. ఇందు మూడు తరగతుల ప్రశ్నలు కావలెను. ఆధారము గల సమాధానమున్న ప్రశ్నలు మొదటి తరగతి. ఆధారము లభింపని ప్రశ్నలు రెండవది. వీనికి తెలియదనుటయే పూర్తి మార్కునకు అర్హము. మూడవది తప్పుడు పూర్వభావన గల ప్రశ్నలు. “బర్మామైన్స్ గని ఏ సంవత్సరమున మూయబడెను?” అను ప్రశ్నకు సంవత్సరము చెప్పిన నమూనా తప్పినట్లు, గని యున్నదను భావననే ప్రశ్నించినది నెగ్గినట్లు. అట్టి ప్రశ్నలు పేటపేటకు, భాషభాషకు వేరు. ఖరగ్‌పూర్ తెలుగువారికి, సూరత్ ఒడియావారికి, ముంబయి తెలుగు నేతవారికి ఎవరి ప్రశ్నావళి వారే వ్రాయవలెను. ఆంగ్ల ప్రశ్నావళికి అనువాదము చేసి సరిపెట్టుకొన్నచో, బర్మామైన్స్‌ను గూర్చి అందు ఒక్క ప్రశ్నయు నుండదు.

చివరకు, తీర్పునిచ్చుట. ఒకరు చేసిన నిర్ణయమును వేరొకరు స్వతంత్రముగా మరల చేయవలెను. ఇరువురు భేదించిన చోట కారణము వ్రాయవలెను. సమర్థితమనిన ప్రతి ప్రతిపాదనకు ఏ పత్రము, ఏ పుట ఆధారమో చూపవలెను. ఇది ప్రాచీన గ్రంథ పరిష్కర్తలు పాటించిన నియమమే. తాళపత్రములకు పనికివచ్చిన ఈ నియమము యంత్రము వ్రాసిన తెలుగునకును అంతే అవసరము.